వేడి పెడితే అతకని సీసా

న్యూజెర్సీలోని మా పిస్కాటవేలో మంచు కరిగి పార్కులు పచ్చబడగానే నీళ్ళ రాకెట్ల కాలం మొదలవుతుంది. బడి పిల్లలు, వాళ్ళ వెనక వాళ్ళ నాన్నలు ఖాళీ సోడా సీసాలు పోగేస్తారు. సీసాలో మూడో వంతు నీళ్ళు పోసి, తలకిందులుగా నిలబెట్టి, సైకిల్ పంపుతో గాలి ఎక్కించి వదిలితే నీళ్ళు కిందికి చిమ్ముతాయి, సీసా పైకి లేస్తుంది. అంతవరకు ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ ఒకటే ఆలోచన: రెండు సీసాలు కలిపి ఒకటి చేస్తే ఇంకా పైకి పోతుంది కదా? ప్లాస్టికే కాబట్టి కాస్త వేడి చేసి అతికించేస్తే సరిపోదా?

ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. సీసాలు ఊదే ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షల గదిలో ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరైనదాన్నని మా వీధిలో అందరికీ తెలుసు. "ఆంటీ, మీ దగ్గర హీట్ గన్ ఉందట కదా" అంటూ వస్తారు. ఉంది, ఇస్తాను. ఇచ్చే ముందు మాత్రం కూర్చోబెట్టి ఒక చరిత్ర చెబుతాను. ఎందుకంటే ప్లాస్టిక్కుకీ వేడికీ ఉన్న సంబంధం ఎలాంటిదో, అమెరికాలో ఇంత దగ్గరగా చూసిన ఊళ్ళు ఎన్నో లేవు. మా పిల్లలు రోజూ బడి బస్సులో తిరిగే దారులే దానికి సాక్ష్యం. ఆ సంగతి ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రారిటన్ నది వెంట సాగే రివర్ రోడ్డు మీద 1930ల మొదట్లో బేకలైట్ కార్పొరేషన్ పెద్ద ఫ్యాక్టరీ నడపడం మొదలుపెట్టింది. పక్క ఊరి పేరుతో దాన్ని బౌండ్ బ్రూక్ ప్లాంటు అన్నారుగానీ నేల పిస్కాటవేది. బెల్జియం నుంచి వచ్చిన లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రవేత్త 1907లో న్యూయార్క్ రాష్ట్రంలోని యాంకర్స్‌లో, తన ఇంటి ప్రయోగశాలలో ఫినాల్‌నీ ఫార్మాల్డిహైడ్‌నీ కలిపి, వేడీ ఒత్తిడీ పెట్టి గట్టిపరిచిన పదార్థమే బేకలైట్. 1910లో కంపెనీ పెట్టి, మాకు దగ్గర్లోనే ఉన్న పెర్త్ ఆంబోయ్‌లో తయారీ ప్రారంభించారు. అక్కడ పెరిగి రివర్ రోడ్డుకి వచ్చారు. తెనాలిలో మా ఇంటి గోడ మీది నల్లటి స్విచ్చులు, రేడియో తిప్పే బిరడాలు, అమ్మ వాడిన కుక్కర్ పిడి, అన్నీ ఆ జాతివే. వాటి గుణం ఒకటుంది. అచ్చులో వేడి తగిలినప్పుడు అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. ఆ ముడి మళ్ళీ విడదు. ఎంత కాల్చినా మాడుతుంది తప్ప కరగదు. అందుకే పొయ్యి పక్కన కుక్కర్ పిడి నిలబడుతుంది. విరిగిన కుక్కర్ పిడిని వేడి చేసి అతికిద్దామనుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.

1939లో బేకలైట్ కంపెనీని యూనియన్ కార్బైడ్ కొనేసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో పాలిథీన్‌లాంటి రెండో జాతి ప్లాస్టిక్కుల మీద ఇక్కడ పెద్ద ఎత్తున పరిశోధన జరిగింది. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ మెత్తబడేవి. పాలిథీన్ సంచి మూతిని కొవ్వొత్తి మంట దగ్గర పెట్టి మూసిన చేతులకి ఆ గుణం బాగా తెలుసు. పిల్లలు "ప్లాస్టికే కదా" అనేది ఈ జాతిని మనసులో పెట్టుకునే.

నేను 1986లో, గుంటూరులో చదివిన కెమిస్ట్రీ డిగ్రీతో, మావారి ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాను. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై అప్పటికి ఇంకా రెండేళ్ళు కాలేదు. పిస్కాటవేలో ఇల్లు వెతుక్కుంటూ రివర్ రోడ్డు మీద వెళ్తుంటే యూనియన్ కార్బైడ్ పేరు కనిపించింది. ఒళ్ళు జలదరించింది. ఇక్కడి ప్లాంటులో చేసేది వేరు, భోపాల్‌లో పురుగుమందు కోసం నిలవ ఉంచిన విషం వేరు అని రసాయన శాస్త్రం చదివిన మనిషిగా నాకు తెలుసు. అయినా ఆ పేరు ముందు నుంచి మామూలుగా వెళ్ళిపోవడం నాకెప్పుడూ చేతకాలేదు. 2001లో డౌ కంపెనీ కార్బైడ్‌ను కలిపేసుకుంది. ఈ ఊరి ప్లాస్టిక్ చరిత్ర చెప్పేటప్పుడు భోపాల్‌ను వదిలేసి చెప్పడం నాకు సమ్మతం కాదు. పిల్లలకి చెప్పేటప్పుడు కూడా ఈ ముక్క దాటవేయను.

ఇక సీసా సంగతి. నా చిన్నతనంలో గ్యాసు పట్టి ఉంచే సీసా అంటే గోలీ సోడానే. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంటు పొందిన గాజు సీసా అది. గ్యాసు పట్టాలంటే గోడ మందంగా, బరువుగా ఉండాలన్నది అప్పటి నమ్మకం. ప్లాస్టిక్కుతో ఆ పని అవుతుందా అని డ్యుపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియల్ వైయెత్ 1967లో తోటివాళ్ళని అడిగితే పేలిపోతుందన్నారు. ఆయన చిత్రకారుడు ఆండ్రూ వైయెత్‌కి అన్న. డిటర్జెంటు సీసా ఒకటి కొని, అందులో జింజర్ ఏల్ పోసి, ఫ్రిజ్‌లో పెట్టాడు. పొద్దున తలుపు తీసేసరికి సీసా ఉబ్బిపోయి అరల మధ్య ఇరుక్కుని ఉంది. అక్కడి నుంచి ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. నైలాన్ దారాన్ని లాగితే బలం వస్తుందని వాళ్ళ కంపెనీకి ముందే తెలుసు. దారాన్ని ఒక దిక్కుకి లాగితే చాలు, సీసా గోడను రెండు దిక్కులకీ, నిలువునా అడ్డంగా, లాగాలి. చివరికి ఆయనకి కుదిరిన పదార్థం పాలిథిలీన్ టెరిఫ్తాలేట్, పొట్టిగా పెట్. విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు ఇంగ్లండులో 1941లో బట్టల దారం కోసం కనిపెట్టినది. టెరిలీన్ చొక్కా, టెరికాటన్ ప్యాంటు అని మన నాన్నలు మురిసిపోయిన బట్టల్లోని టెరిలీన్ దారం, ఈ సోడా సీసా రెండూ ఒకటే పదార్థం. వైయెత్ సీసాకి 1973 మే నెలలో పేటెంటు వచ్చింది.

నేను పనిచేసిన చోట ఈ లాగుడే ప్రాణం. ముందుగా మందపాటి పరీక్షనాళికలాంటి ముక్క వస్తుంది, దాన్ని ప్రీఫామ్ అంటారు. మూతి మరలు అప్పటికే తయారై ఉంటాయి. దాన్ని ఇంచుమించు 100 డిగ్రీల సెల్సియస్‌కి వేడి చేసి, లోపలికి కడ్డీ దించి పొడవుగా సాగదీస్తూ, ఇంచుమించు 600 పీఎస్ఐ ఒత్తిడి దాకా గాలి కొట్టి అచ్చు గోడలకేసి ఊదుతారు. కన్ను మూసి తెరిచేలోపల సీసా. అణువుల గొలుసులు సాగి, వరుసలుగా సర్దుకుని, ఆ స్థితిలోనే చల్లబడి గట్టిపడతాయి. మూడో వంతు మిల్లీమీటరు కూడా ఉండని ఆ గోడకి బలమంతా ఈ సాగడం వల్లనే. పరీక్ష గదిలో సీసాలను నీళ్ళతో నింపి పగిలేదాకా ఒత్తిడి పెంచేవాళ్ళం. రెండు లీటర్ల సోడా సీసా మామూలుగా 150 పీఎస్ఐ దాటితేగానీ పగలదు. కారు టైరులో ఉండేది 30, 35. సీసా పట్టుకుంటే పల్చగా నలుగుతుంది కాబట్టి లోకువగా చూస్తారుగానీ, మనిషి చేతికి అందే వస్తువుల్లో ఇంత తక్కువ బరువుతో ఇంత ఒత్తిడి మోసేది మరొకటి నాకు తెలియదు.

ఇక వేడి పెడితే ఏమవుతుందో చూడండి. పెట్ సుమారు 75 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది. కరగడానికి 250 డిగ్రీలు కావాలి. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది, చిక్కంతా అక్కడే. అతికించాలని టంకం వేసే కడ్డీ పెడితే, తాకినచోట కరిగేలోపల చుట్టుపక్కల గోడంతా 75 దాటేస్తుంది. సాగదీసి నిలబెట్టిన గొలుసులకి విడుదల దొరుకుతుంది. గోడ తన పాత ఆకారంలోకి పోవాలని చూస్తుంది. మంట తగిలిన తమలపాకులా ముడుచుకుపోతుంది. కరిగిన చోటేమో నెమ్మదిగా చల్లారుతూ తెల్లగా మారుతుంది. ఆ తెలుపు స్ఫటికాలది. పెళుసుగా ఉంటుంది, గోరుతో నొక్కితే పగులుతుంది. అంటే అతుకు దగ్గర పెళుసు, అతుకు పక్కన బలహీనం. గాలి కొట్టగానే అక్కడే విడిపోతుంది. సంచిలో పాలిథీన్‌కి చెల్లిన కొవ్వొత్తి చిట్కా ఇక్కడ చెల్లదు.

ఇంత తెలిసీ వేడిని వదులుకోకుండా వాడుకున్నవాళ్ళున్నారు. వాళ్ళంటే నాకు గౌరవం. ఎందుకంటే వాళ్ళు సీసా గుణానికి ఎదురు పోలేదు, దాన్నే పనిలో పెట్టారు. పద్ధతి ఇదీ. రెండు సీసాల అడుగులు కోసేస్తారు. ఒకదాని అంచును వేడినీళ్ళలో కాసేపు ముంచితే కొద్దిగా ముడుచుకుని సన్నబడుతుంది, అప్పుడది రెండోదాని లోపలికి దూరుతుంది. కొందరు ఇస్త్రీపెట్టె మీద బేకింగ్ కాగితం పరిచి, అంచును దానికేసి ఆనించి తిప్పుతూ లోపలికి ఒంపు తెస్తారు. గరుకు కాగితంతో రెండు ముఖాలూ రుద్ది, గాలిలోని తేమతో గట్టిపడే పాలియురెథేన్ జిగురు రాసి జత చేస్తారు. ఇళ్ళ మరమ్మతు సామాన్ల దుకాణంలో తుపాకీలో పెట్టి నొక్కే గొట్టాల్లో దొరికే జిగురే అది. ఆ అతుకు మీదికి మూడో సీసా నుంచి కోసిన పట్టీ తొడుగుతారు. దానికీ లోపల జిగురు రాస్తారు. ఇప్పుడు హీట్ గన్ లేదా వేడినీళ్ళు. పట్టీ ముడుచుకుని అతుకును చుట్టూ పిడికిలి పట్టుతో బిగిస్తుంది. ఇక్కడ వేడి పని అతికించడం కాదు, బిగించడం. అతికించేది జిగురు. ఈ తేడా పిల్లలకి ఎక్కితే సగం రాకెట్టు తయారైనట్టే.

ఫెవిక్విక్‌లాంటి జిగుర్లు రాస్తే అతుకు పెళుసవుతుంది, సిలికాన్ ఊడి వస్తుంది, కరిగించి పోసే జిగురు కర్రల వేడికి గోడ వంకరపోతుంది. ఇవన్నీ ఎంతోమంది చేతులు ప్రయత్నించి తేల్చినవే.

నిజంగా వేడితో అతికేది ఒకటుంది: మూత. సోడా మూతలు పెట్ కావు, పాలిథీన్‌వో పాలిప్రొపిలీన్‌వో. వాటిని సాగదీయలేదు కాబట్టి ముడుచుకోవు, కరిగితే హాయిగా కలుస్తాయి. ఒక మూతను కదలకుండా బిగించి, రెండోదాన్ని డ్రిల్లు మిషనుకి తగిలించి గిరగిరా తిప్పుతూ దాని వీపు మీద ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడితో రెండూ ఒకటైపోతాయి. మధ్యలో రంధ్రం వేస్తే రెండు సీసాలను మూతి మూతి కలిపే జాయింటు తయారు. బయట మంట లేదు, వాసన లేదు. ఫ్యాక్టరీల్లో ప్లాస్టిక్ భాగాలు అతికే పద్ధతుల్లో ఇదీ ఒకటి, దాన్ని ఇంటి షెడ్డులోకి తెచ్చారు.

ఎంత దూరం తెచ్చారంటే, న్యూయార్క్ రాష్ట్రంలో అభిరుచి కొద్దీ నీళ్ళ రాకెట్లు చేసే బృందమొకటి 2007 జూన్‌లో రాకెట్టును 623 మీటర్ల ఎత్తుకి పంపింది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015 ఆగస్టులో 830 మీటర్ల ఎత్తుకి పంపారు. కేప్‌టౌన్ రాకెట్టు కార్బన్ ఫైబర్‌ది, సోడా సీసాది కాదు. నీళ్ళూ గాలీ మాత్రం మన పిల్లలు వాడేవే.

మళ్ళీ సోడా సీసాకే వస్తే, పాత సీసాలు చూసినవాళ్ళకి గుర్తుండాలి, 1980ల్లో రెండు లీటర్ల సీసా అడుగు గుండ్రంగా ఉండేది. నిలబడటానికి కింద నల్లదో రంగుదో విడి గిన్నె అతికించేవాళ్ళు, అది పాలిథీన్‌ది. తర్వాత అయిదు కాళ్ళ అడుగు అచ్చులోనే వచ్చేసరికి ఆ గిన్నెలు పోయాయి. రాకెట్లు చేసేవాళ్ళకి గుండ్రటి అడుగు చక్కని ముక్కుగా ఉపయోగపడేది. కానీ పాత సీసాను తిరిగి వాడాలంటే ఆ గిన్నె పెద్ద తలనొప్పి. సరిగ్గా ఆ తలనొప్పికి మందు వెతికింది మా ఊళ్ళోనే. 1985లో రట్గర్స్ విశ్వవిద్యాలయం బుష్ క్యాంపస్‌లో ప్లాస్టిక్ రీసైక్లింగ్ పరిశోధన కేంద్రం పెట్టింది. సీసాలను ముక్కలు చేసి, కడిగి, నీళ్ళలో వేస్తే పెట్ మునుగుతుంది, గిన్నె పాలిథీన్ తేలుతుంది. ఇలా కాగితం, జిగురు, అల్యూమినియం, రెండు ప్లాస్టిక్కులు వేటికవి విడదీసే వరుసను వాళ్ళు చిన్న ప్లాంటుగా నడిపి చూపించారు. 1987లో న్యూజెర్సీ ప్రభుత్వం ఇళ్ళలో చెత్త వేరుచేయడాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయి. మేము ఊదిన సీసాలు ఎక్కడికి పోతాయన్న దిగులు అప్పుడు కొంత తీరింది. రట్గర్స్‌లోనే థామస్ నాస్కర్ బృందం వాడి పారేసిన ప్లాస్టిక్కులను కలిపి కరిగించి దూలాలు చేసింది. అలాంటి దూలాలతో 2009లో నార్త్ కరోలినాలోని ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరంలో వంతెన కడితే, దాని మీదుగా 70 టన్నులు దాటిన యుద్ధ ట్యాంకు నడిచింది.

రాకెట్టు వైపు నుంచి చూసినా న్యూజెర్సీ తక్కువేమీ కాదు. తర్వాత అమెరికన్ రాకెట్ సొసైటీగా పేరు మార్చుకున్న సంఘం తన మొదటి రాకెట్టును 1932 నవంబర్ 12న ఈ రాష్ట్రంలోనే, డెలావేర్ నది పక్క స్టాక్టన్ దగ్గర ఒక పొలంలో, నేలకి కట్టేసి మండించి చూసింది. ఆ పెట్రోలు, ద్రవ ఆక్సిజన్ రాకెట్టు చేసినవాళ్ళలో ఒకరైన జి. ఎడ్వర్డ్ పెండ్రే వృత్తిరీత్యా పత్రికా రచయిత. ఆ సొసైటీ సభ్యులు నలుగురు 1941లో పెట్టిన రియాక్షన్ మోటర్స్ కంపెనీ ఇంజనుతోనే 1947లో బెల్ ఎక్స్-1 విమానం ధ్వని వేగాన్ని దాటింది. ఇక పిల్లల నీళ్ళ రాకెట్టు బొమ్మలంటారా, వాటిని 1950, 60 దశకాల్లో అమెరికా పిల్లలకి అందించిన పార్క్ ప్లాస్టిక్స్ కంపెనీ మాకు కొద్ది దూరంలోని లిండెన్‌లో ఉండేది. చిన్న చేతిపంపుతో సహా వచ్చేవి. ప్లాస్టిక్ సోడా సీసా పుట్టకముందే నీళ్ళ రాకెట్టు ఉంది, అదీ మా పక్క ఊళ్ళో తయారైంది.

ఈ ఊళ్ళో పిల్లలు చేతులతో నేర్చుకోవడం కూడా కొత్తది కాదు. స్టెల్టన్ రోడ్డు మీద మన కిరాణా దుకాణాలకి వెళ్ళే దారి పక్క ప్రాంతంలోనే 1915 నుంచి 1953 దాకా ఫెర్రర్ మోడర్న్ స్కూల్ నడిచింది. స్పెయిన్‌లో 1909లో కాల్చి చంపబడిన విద్యావేత్త ఫ్రాన్సిస్కో ఫెర్రర్ పేరు మీద, న్యూయార్క్ నుంచి వచ్చిన అరాచకవాదులు పెట్టిన బడి. వాళ్ళ రాజకీయాలు ఎలా ఉన్నా, పిల్లల చేతికి పనిముట్లిచ్చారు. పిల్లలే అక్షరాలు పేర్చి తమ పత్రికను అచ్చు వేసుకున్నారు, నేత నేశారు, చెక్కపని చేశారు. ఆ బడి గురించి చదివినప్పుడల్లా, ర్యాంకుల కోసం ట్యూషన్ల నుంచి ట్యూషన్లకి తిప్పుతున్న మన పిల్లలకి వారానికి ఒక పూట ఇలాంటి పని ఎందుకు ఇవ్వలేం అనిపిస్తుంది.

మనదేశంలో ఆ అవకాశం ఇప్పుడు బాగానే ఉంది. 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి రాకెట్టు ఎగిరిన శ్రీహరికోట షార్ కేంద్రం ఏటా అక్టోబర్‌లో అంతరిక్ష వారోత్సవాలు జరుపుతుంది. ఆంధ్ర ఊళ్ళ బడి పిల్లలు ఆ రోజుల్లో నీళ్ళ రాకెట్లు వదులుతారు. నెల్లూరులో మా తమ్ముడి మనవడు వదిలిన రాకెట్టు వీడియోను ఇక్కడి పిల్లలకి చూపిస్తే, "సేమ్ బాటిల్ ఆంటీ!" అన్నారు.

ఇక్కడి సైన్స్ ఒలింపియాడ్‌లో సీసా రాకెట్ పోటీ పెట్టిన ఏడాదుల్లో దాని నియమాలు మాత్రం గట్టివి. ఒక్క సీసానే వాడాలి, రెక్కల్ని టేపుతోనే అంటించాలి, సీసా గోడకి కోత, గరుకు రాపిడి, వేడి, ఘాటు జిగురు ఏదీ తగలకూడదు. పిల్లలు గొణుగుతారు. పగిలే సీసాలతోనే ఉద్యోగకాలమంతా గడిపినదాన్ని, ఆ నియమం రాసినవాళ్ళకి పెట్ స్వభావం తెలుసనే నేనంటాను. పోటీకి ఆ నియమం పాటించండి. సీసాలు కలిపే సరదా పోటీ బయట, పెద్దవాళ్ళ పక్కన తీర్చుకోండి.

కలిపేవాళ్ళకి నా విన్నపం ఇదే. జిగురు ఆరడానికి చాలినన్ని రోజులివ్వండి. ఆరాక రాకెట్టును ముందుగా నిండా నీళ్ళతో నింపి, ఆ తర్వాతే పంపుతో ఒత్తిడి పెంచి పరీక్షించండి. నిండుగా నీళ్ళుంటే పగిలినా తడిసిపోవడంతో సరిపోతుంది, గాలితో నింపింది పగిలితే ముక్కలు ఎగురుతాయి. ఎగరేసేటప్పుడు ఎంత ఒత్తిడి పెట్టదలిచారో అంతకు మించి ఈ పరీక్షలో పెట్టండి. తెల్లమచ్చ వచ్చిన సీసా, నలిగి గీతపడిన సీసా పారేయండి. కళ్ళద్దాలు పెట్టండి, పొడవాటి తాడుతో దూరం నుంచి వదలండి, గాలి ఎక్కించిన రాకెట్టు దగ్గరికి ఏ కారణం చేతా పిల్లల్ని వెళ్ళనివ్వకండి. హీట్ గన్ కావాలంటే మా ఇంటికి రండి.